మా గుమ్మం ముందు పదిహేను అడుగులు

నా నోరు మంచిది కాదని మా వీధి వీధంతా ఒప్పుకుంటుంది. మా ఆయనైతే ఒప్పుకోవడంతో ఆగరు, పక్కన ఎవరుంటే వాళ్ళని సాక్ష్యానికి కూడా పిలుస్తారు. ఆ నోటితో నేను ఒక మంచి మనిషిని పదిమందిలో దొంగ అన్నాను. అందుకే ఈ రోడ్డు సంగతి ఎక్కడ చెప్పినా ఆ ముక్క దాచకుండా ముందే చెప్పేస్తున్నాను.

అనకాపల్లిలో తుమ్మపాల వైపు వెళ్ళే దారిలో, ఒకప్పుడు చెరుకు తోటలున్న చోట వేసిన కాలనీ మాది. మేం ఇల్లు కట్టుకున్న కొత్తలో వంటింటి కిటికీలోంచి చెయ్యి చాపితే చెరుకు ఆకు తగిలేది. ఇప్పుడు పక్కింటివాళ్ళ ఏసీ డబ్బా తగులుతుంది. ఇళ్ళు పెరిగాయి, బళ్ళు పెరిగాయి, స్కూలు బస్సులు పెరిగాయి. మా వీధి మాత్రం చెరుకు బండి ఒకటి పట్టేంత వెడల్పులోనే ఉండిపోయింది. పొద్దున్న ఎనిమిదింటికి పెద్ద రోడ్డు కూడలిలో బెల్లం లారీలు, షేరాటోలు, బస్సులు ఒకదాని మూతి ఒకటి నాకుతూ నిలబడేవి. అది చూసి తెలివైనవాళ్ళందరూ అడ్డదారని మా వీధిలోకి తిరిగేవారు. తిరగడమే తప్ప బయటపడడం ఉండేది కాదు.

ఒకసారి పెళ్ళికొడుకు కారు సరిగ్గా మా గుమ్మం ముందు ఇరుక్కుంది. ముందు ఇసుక ట్రాక్టరు, వెనక బ్యాండు మేళం వ్యాను. పావుగంటకి ఆ అబ్బాయి బాసికంతో సహా మా హాల్లో కూర్చుని టీ తాగుతున్నాడు. ముహూర్తం దగ్గర పడుతోందని వాళ్ళ మేనమామ గుండె పట్టుకుంటుంటే, మా ఎదురింటి వదిన కొడుకు స్కూటర్ తీశాడు. పెళ్ళికొడుకు వెనకాల కూర్చుని, పంచె ఎగ్గట్టుకుని, మురిక్కాలవ పక్కనుంచి పెళ్ళికి వెళ్ళిపోయాడు. బ్యాండువాళ్ళు మాత్రం మా వీధిలోనే ఉండిపోయి, ఏం తోచక రెండు పాటలు వాయించారు. వీధంతా నవ్వాం గానీ, అదే వ్యానులో నొప్పులు పడుతున్న ఆడపిల్ల ఉంటే ఏమయ్యేదని ఎదురింటి వదిన అనేసరికి మా నవ్వులు ఆగిపోయాయి.

ఆ తర్వాతే సచివాలయం నుంచి ఇంజినీరమ్మ వచ్చింది. చిన్న పిల్ల, నా కూతురికన్నా చిన్నది. హెల్మెట్ తీసి, జుట్టు ముడేసుకుని, వీధి ఈ చివర నుంచి ఆ చివరకి టేపు పట్టి కొలిచింది. మా వీధిని వెడల్పు చేసి, సీసీ రోడ్డు వేసి, అవతల హైవే పక్క రోడ్డుకి కలిపేస్తే పెద్ద రోడ్డు మీద వచ్చిన బళ్ళు ఇటునుంచి వెళ్ళిపోతాయంది. అందరం తలలూపాం. కానీ దానికి అందరూ వీధిలోకి జరిపి కట్టుకున్న అరుగులు, మెట్లు తీసెయ్యాలంది. ఈసారి తలలు ఊగలేదు.

మా అరుగు రెండున్నర అడుగులు వీధిలోకి వచ్చి ఉంది. దాన్ని నేనెప్పుడూ ఆక్రమణ అనుకోలేదు, అరుగనే అనుకున్నాను. సాయంత్రాలు కూరగాయలు తరుక్కునేది దాని మీదే, వీధిలో వాళ్ళందరి సంగతులూ తరిగేది దాని మీదే. వీధంతా ఒకటే మాట, ముందు వాళ్ళని తియ్యమనండి, మేం తీస్తాం అని. ఆ వాళ్ళు ఎవరో ఎంతకీ తేలలేదు. నెల రోజులు చూశాను. ఒక పొద్దున్న ఒళ్ళు మండి, పెరట్లోంచి గునపం తెచ్చి నా అరుగు నేనే పొడిచాను. మూడు పోట్లకి ఒక పెచ్చు లేచింది. మా ఆయన పేపరు మడిచి వచ్చి, నా చేతిలో గునపం తీసుకున్నారు. సాయంత్రానికి మా అరుగు లేదు. వారం తిరిగేసరికి వీధిలో ఎవరి అరుగూ లేదు.

చెప్పొద్దూ, ఆ రోజు నుంచి ఆ రోడ్డు నాదే అనిపించింది.

పనికి వచ్చిన మేస్త్రీది మాకవరపాలెం దగ్గర ఒక పల్లె. నాకన్నా ఐదారేళ్ళు చిన్నవాడు. మాట తక్కువ. లారీ ఇసుక దించితే గుప్పెడు తీసి నలిపి, అరచెయ్యి చూసుకునేవాడు. చేతికి మట్టి అంటితే ఆ ఇసుక వెనక్కి పంపేసేవాడు. ఆదివారం చర్చికి వెళ్ళాలని పని పెట్టుకునేవాడు కాదు. నేను గుమ్మంలో కుర్చీ వేసుకుని ఆయన పని మీద నా పర్యవేక్షణ సాగించేదాన్ని. ఎవరూ నన్ను నియమించలేదు.

కాంక్రీటు మా ఇంటి దగ్గరికి వస్తోందనగా నాకు మా తాతగారి ఇల్లు గుర్తొచ్చింది. సున్నం గానుగలో ఆడేటప్పుడు బెల్లం నీళ్ళు, కరక్కాయ నీళ్ళు పోసి కట్టిన ఇల్లది. గోడలో మేకు దిగేది కాదు. కేలెండరు తగిలించాలంటే ఇంటిల్లిపాదీ ఒక పూట కష్టపడేవాళ్ళం.

"మేస్త్రీ, కాసింత బెల్లం నీళ్ళు పోత్తే గట్టిగుంటాది కదేటి?" అన్నాను.

"అది సున్నానికమ్మా. సిమెంటుకి అక్కర్నేదు," అన్నాడు ఆయన, తల ఎత్తకుండా.

అక్కడే నేను పప్పులో కాలేశాను. మా ఊళ్ళో అక్కర్లేదంటే వద్దని కాదు. ఇంటికొచ్చిన మనిషి టీ అక్కర్లేదంటాడు, మనం పెడతాం, ఆయన తాగుతాడు. భోజనం అక్కర్లేదంటాడు, విస్తరి వేస్తాం, మారు వడ్డించుకుంటాడు. మొదటిమాటకే సరే అనడం మర్యాద కాదు. పైగా ఇది బెల్లం ఊరు. పెళ్ళైనా, పరీక్ష పాసైనా, దూడ పుట్టినా ముందు బెల్లం ముక్క నోట్లో పడాలి. నా అరుగు ఇచ్చి తెచ్చుకున్న రోడ్డుకి నేను బెల్లం పెట్టకపోతే ఎలా?

ఆ మధ్యాహ్నం పనివాళ్ళు టార్పాలిన్ నీడలో అన్నం తింటున్నారు. కంకర, సిమెంటు కలిపే యంత్రాన్ని మిల్లరంటారు, దాని పక్కన నీళ్ళ డ్రమ్ములు రెండు. వంటింట్లో బెల్లం దిమ్మ నుంచి రెండు ముక్కలు కొట్టి, కొంగు చాటున తీసుకెళ్ళి, డ్రమ్ముకొకటి వేశాను. చీపురు కర్రతో కరిగేదాకా తిప్పాను. దణ్ణం కూడా పెట్టాను. ఆ నీళ్ళతోనే మా గుమ్మం ముందు పదిహేను అడుగులు పోశారు. ఆ రాత్రి నేను హాయిగా నిద్రపోయాను.

మర్నాడు వీధంతా రోడ్డు బిగిసింది, మా గుమ్మం ముందు తప్ప. పైన తడిపి కప్పిన గోనె పట్టా ఎత్తి వేలు పెడితే వేలు దిగింది. తోడు పడని పెరుగులా జావజావగా ఉంది. రెండో రోజు పొద్దున్నకి వీధి కుక్క ఒకటి దాని మీదుగా నడిచి, తన కాళ్ళ గుర్తులు వరసగా పెట్టి పోయింది. వీధంతా చుట్టూ మూగింది. నా అరుగు పోయి, నా గుమ్మం ముందే రోడ్డు ఇలా అయ్యేసరికి నాకు పూనకం వచ్చినంత పనైంది.

"ఏటి మేస్త్రీ ఇది? సిమెంటు ఎక్కడికి పోనాది? ఆడవాళ్ళం, మాకేటి తెల్సుననుకున్నావా? అందరి ముందూ మంచిగేసి నా గుమ్మం కాడ మింగేసేవా?"

ఆయన మొహం పాలిపోయింది. "అదే సిమెంటమ్మా. అదే ఇసక, అదే సెయ్యి. ఇలాగెందుకైనాదో నాకు తెలటం నేదు. ఒట్టు."

"దొంగలందరూ ఒట్లే ఎడతారు," అన్నాను. అన్నది నేనే. వీధిలో ఇంకెవరూ ఆ మాట అనలేదు. నేను అన్న తర్వాత మాత్రం ఒకరి తర్వాత ఒకరు అన్నారు.

మధ్యాహ్నం ఇంజినీరమ్మ వచ్చి ఇనప ఊచతో పొడిచి చూసింది. సోమవారం వచ్చి, ఈ బిట్టు పగలగొట్టించి, సిమెంటు తక్కువేశారని రిపోర్టు రాయాల్సి ఉంటుందని చెప్పింది. ఆ రిపోర్టు పడితే పక్క కాలనీలో స్కూలు రోడ్డు పని ఆయనకి రాదు. ఆ పనే కాదు, ఈ చుట్టుపక్కల ఇంకే పనీ రాదు. ఆయన చేతులు కట్టుకుని వింటున్నాడు. వెళ్ళబోతూ ఆ పిల్ల ఆగి, "నీళ్ళెక్కడివి? చెరుకు రసం డ్రమ్ములేమైనా వాడారా? సిమెంటుకి తీపి తగిలితే బిగుసుకోదు," అని అడిగింది.

"నా డ్రమ్ములు నేనే కడుగుతానమ్మా. తీపేటి తగుల్తాది," అన్నాడు మేస్త్రీ.

నా కాళ్ళ కింద నేల, అదే, ఆ బిగియని రోడ్డు, కదిలినట్టైంది. నోరు తెరవాలి. జన్మంతా అక్కర్లేనప్పుడల్లా తెరుచుకున్న నోరు అప్పుడు తెరుచుకోలేదు. పొయ్యి మీద పాలున్నాయని అబద్ధం చెప్పి లోపలికి వచ్చేశాను.

లోపల మా ఆయన దిమ్మ ముందు నిలబడి ఉన్నారు. ఆయన ముప్పయ్యేళ్ళు బెల్లం మార్కెట్లో కాటా దగ్గర పని చేసిన మనిషి. దిమ్మని కంటితో చూసి బరువు చెప్తారు.

"రెండు కిలోలు తగ్గింది," అన్నారు.

"పాయసం చేశాను."

"ఎవరికి? మనిద్దరికీ సుగరు కదా."

ఆయన దిమ్మ మీద గోనెగుడ్డ సర్దేసి, "నువ్వే చెప్పు. నేను చెప్తే బాగుండదు," అని మాత్రం అని పేపరు తీసుకున్నారు.

మర్నాడు ఆదివారం. చర్చి అయ్యాక మేస్త్రీ వచ్చాడు, ఇస్త్రీ చేసిన తెల్ల చొక్కాతోనే. పని లేని రోజున వచ్చి, ప్యాంటు మడిచి, మా గుమ్మం ముందు గోనె పట్టాలు తడుపుతున్నాడు. జబ్బు మనిషికి నీళ్ళు పట్టినట్టు నెమ్మదిగా పోస్తున్నాడు. నేను మజ్జిగ పట్టుకెళ్ళాను. చెప్పేద్దామనే వెళ్ళాను. గ్లాసు అందుకుని ఆయనే అన్నాడు.

"ఈదిలో అందరికన్నా ముందు అరుగు తీసింది మీరేనటమ్మా. మీ గుమ్మం కాడే ఇలాగైపోనాది. నాకు సిగ్గుగుంది. ఇరవయ్యేళ్ళ నుంచి సేత్తన్నాను, ఎప్పుడూ ఇలాగవ్వనేదు. నా సేతికేటైనాదో అని రాత్రి నుంచి ఇదే సూసుకుంటన్నాను."

అంటూ తన అరచెయ్యి తిప్పి చూసుకున్నాడు. ఇసుక నలిపి చూసుకునే అరచెయ్యి అది. నేను ఖాళీ గ్లాసు తీసుకుని లోపలికి వచ్చి, స్టవ్ ముందు నిలబడి ఏడ్చాను. అంత మాట వినీ చెప్పలేకపోయానంటే నేనెంత పిరికిదాన్నో నాకే అర్థమైంది. నోరున్నవాళ్ళందరూ ధైర్యవంతులు కారు.

సోమవారం పది గంటలకి ఇంజినీరమ్మ కాగితాలతో వచ్చింది. వీధంతా వచ్చింది. పగలగొట్టడానికి సమ్మెట కూడా వచ్చింది. ఆ పిల్ల పెన్ను మూత తీసింది. అప్పుడు నేను మా గుమ్మం దిగి, రోడ్డు పక్కన మట్టిలో నిలబడ్డాను. మామూలుగా నా గొంతు మూడిళ్ళ అవతలకి వినబడుతుంది. ఆ రోజు నాకే సరిగ్గా వినబడలేదు.

"రాయకమ్మా. బెల్లం నేనే వేసేను."

"ఏంటాంటీ?"

"డ్రమ్ముల్లో. కిలో ఒకదాంట్లో, కిలో ఒకదాంట్లో. రోడ్డు గట్టిగుంటాదని వేసేను. మేస్త్రీ అక్కర్నేదన్నాడు, అయినా ఎవరూ చూడకుండా వేసేను." అప్పటికి గొంతు వచ్చింది. మేస్త్రీ వైపు తిరిగాను. "నిన్ను అందరి ముందూ దొంగన్నాను. తప్పు నాది. అందరి ముందే చెప్తన్నాను, క్షమించు నాయనా."

ముందుగా ఎదురింటి వదిన "ఓలమ్మో, రోడ్డుకి పాకం పట్టేవా వదినా!" అంది. అంతే, వీధంతా కూలబడి నవ్వింది. ఇంజినీరమ్మ కాగితాలు మొహానికి అడ్డం పెట్టుకుంది. మా ఆయన కూడా నవ్వారు, ద్రోహి.

మేస్త్రీ మాత్రం నవ్వలేదు. తన కుడిచెయ్యి ఎత్తి, వేళ్ళు ఒకసారి ముడిచి, చాపి చూసుకున్నాడు.

"అయితే నా సేతిలో ఏటీ నేదన్నమాట," అన్నాడు. కళ్ళు తుడుచుకున్నాడు. తుడుచుకున్నాకే నవ్వాడు.

ఆ పిల్ల నిజంగా చదువుకున్న పిల్ల. తీపి మరీ ఎక్కువ కాకపోతే ఆలస్యంగా బిగుస్తుంది, పగలగొట్టకుండా ఇంకో వారం చూద్దామంది. సమ్మెట వెనక్కి వెళ్ళింది. ఆ వారం మా వీధికి వేరే పని లేదు. పాలకి వెళ్ళేవాళ్ళు, వాకింగుకి వెళ్ళేవాళ్ళు, స్కూలు బస్సు కోసం నిలబడ్డ తల్లులు, అందరూ మా ఇంటి ముందు ఆగి వేలు పెట్టి చూడడమే. పాకం ఏ పదునుకొచ్చిందని నన్ను అడిగేవారు. తీగ పాకమని ఒకరు, ఉండ పాకమని ఒకరు. నా జన్మలో అన్ని మాటలు పడి, ఒక్కదానికీ తిరిగి సమాధానం చెప్పని వారం అదొక్కటే.

వారం తిరక్కుండానే, గురువారం పొద్దున్న మేస్త్రీ వచ్చి చిన్న సుత్తి తీసి కొట్టాడు. ఖంగుమంది. మళ్ళీ కొట్టాడు. మళ్ళీ ఖంగుమంది. ఆ చప్పుడుకి ఎదురింటి వదిన చేతిలో అట్లకాడతో పరిగెత్తుకొచ్చింది. మా ఆయన సుత్తి అడిగి తీసుకుని తనూ కొట్టి చూశారు. ఆ తర్వాత ఇంజినీరమ్మ వచ్చి పరీక్ష చేసి, బాగుందని రాసి, సంతకం పెట్టింది. నేను ఎగిరి గంతెయ్యలేదు గానీ, వేసినంత పని చేశాను. కుక్క కాళ్ళ గుర్తులు మాత్రం అలాగే ఉన్నాయి.

రోడ్డు మీదకి బళ్ళు వదిలిన రోజు పొద్దున్న ఎనిమిదింటికి కుర్చీ గుమ్మంలోకి లాక్కుని కూర్చున్నాను. మొదట స్కూలు బస్సు వచ్చింది, వెళ్ళిపోయింది. ఆగలేదు! వెనకాల బెల్లం లారీ, ఆటోలు, పాల వ్యాను, అన్నీ వస్తున్నాయి, పోతున్నాయి. మా ఇంటి ముందు ఎవరూ ఇరుక్కోవడం లేదు, ఎవరూ టీకి రావడం లేదు. పెద్ద రోడ్డు కూడలిలో హారన్లు లేక పోలీసాయన ఆవులిస్తున్నాడని మా ఆయన వెళ్ళి చూసొచ్చి మరీ చెప్పారు. ఆ సంతోషం నాకు పెళ్ళిళ్ళలో కూడా కలగలేదు.

ఇక్కడితో అయిపోవాలి. కాలేదు. సిమెంటు బిగియలేదన్న మాట మా వీధి దాటి ఊరంతా తిరిగింది. బెల్లం మాట మాత్రం మా వీధిలోనే ఉండిపోయింది. పక్క కాలనీలో స్కూలు రోడ్డు మొదలయ్యాక, "ఈయనేనా, రోడ్డు జావైపోయిన మేస్త్రీ?" అని అక్కడివాళ్ళు మూతులు తిప్పుకుంటున్నారని ఎదురింటి వదిన చెప్పింది. నేను చీర మార్చుకోలేదు. ఉన్నపళంగా ఆటో ఎక్కి వెళ్ళి, ఆ వీధి మధ్యలో నిలబడి, నా మామూలు గొంతుతో మొత్తం చెప్పాను. ఒక్క ముక్క దాచలేదు. కిలో ఒకదాంట్లో, కిలో ఒకదాంట్లో.

అప్పటి నుంచి అదే నా పని. ఆయనకి ఎక్కడ కొత్త రోడ్డు పని వచ్చినా మొదటి రోజు నేను వెళ్తాను. మొన్న వాళ్ళ ఊరి దగ్గర పని మొదలుపెడుతూ ఆయనే ఫోను చేశాడు.

"రేపు పని మొదలెడతన్నామమ్మా. రావాలి."

"బెల్లం తేనా?"

"తెండి. నోట్లో ఏసుకుందాం."

వెళ్ళాను. ఆ ఊరివాళ్ళందరినీ పోగేసి, ఈ మేస్త్రీ ఇరవయ్యేళ్ళలో ఒక్కసారి కూడా సిమెంటు తగ్గించలేదని, తగ్గించాడని అన్న నోరు ఇదేనని నా నోరు చూపించి చెప్పాను. అందరికీ తలో బెల్లం ముక్క పంచాను. మేస్త్రీ తన ముక్క నోట్లో వేసుకుని, డ్రమ్ముకి చెక్క మూత పెట్టి, దాని మీద ఎక్కి కూర్చున్నాడు. నేను ఆటో ఎక్కేదాకా దిగలేదు.